కాయకష్టము పోయినది, కంచము మిగిలినది

గుండుగొలను మెట్టసీమకును కొల్లేటికిని నడుమనున్న గ్రామము. దేవరపల్లి మీదుగా కొవ్వూరునకు పోవు విశాలమైన రహదారి యిచ్చటనే ప్రారంభమగుచున్నది. ఆ త్రోవను మోటారుబండ్లపై సాగిపోవు యువకులను చూచినప్పుడెల్ల మాకొక తలంపు కలుగుచుండును. తాత పొలమునకు నడచిన దూరమును మనుమడు నడచుట లేదు. తాత తిన్న యన్నపురాశి మాత్రము మనుమని కంచమున తరుగలేదు.

ఇది మా యూహ కాదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములందు 2003–04లో మరణకారణములను విచారించిన వైద్యులు, నూటికి 32 మరణములు గుండెజబ్బు, పక్షవాతము మున్నగు రక్తప్రసరణ వ్యాధులవలననే కలిగినవని తేల్చిరి. అంటువ్యాధుల వంతు 12 మాత్రమే. ఈ ప్రాంతముననే 20 గ్రామములలో 30 ఏండ్లు నిండినవారిని పరీక్షింపగా నూటికి 13 మందికి మధుమేహమున్నట్లు కనబడెను. ఇది పట్టణములలోని ధనికుల జబ్బనుట యింక చెల్లదు.

తెల్లబియ్యపు గుణపాఠము మనకు క్రొత్త కాదు. ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధి ప్రబలియుండెనని 1835 నాటి వైద్యగ్రంథమే చెప్పుచున్నది. తవుడుతో పోవు పోషకపదార్థము లోపించుటయే దానికి కారణమని తెలియుటకు, జావాద్వీపమున ఐక్మన్ పండితుడు కోళ్లపై జరిపిన పరిశోధన త్రోవ చూపెను. ఆయనకు 1929లో నోబెల్ బహుమానము లభించెను. గాంధీమహాత్ముడు 1934లో నెలకొల్పిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము దంపుడుబియ్యమును ప్రచారము చేసెను. బెరిబెరి తొలగినది, మనము పాఠమును మరచితిమి. పొట్టు, తవుడు పోయిన బియ్యము రక్తమున శీఘ్రముగా చక్కెరయగును. ఆ చక్కెరను కరిగించుటకు నాగలి లేదు, కావడి లేదు.

ఇదంతయు సోమరితనపు ఫలమని కొందరు పెద్దలు నిందింతురు. మేమట్లనము. కిలో రెండు రూపాయల బియ్యము 1983లో పేదల యాకలి తీర్చినది. ట్రాక్టరు, కోతయంత్రము కూలివాని నడుమునకు విశ్రాంతి నిచ్చినవి. ఆ కష్టము మరల రావలెనని యెవ్వరు కోరుదురు? దోషము వేరొకచోట నున్నది. పని తగ్గినప్పుడు అన్నము తగ్గలేదు. తగ్గవలసిన చోట పప్పు, ఆకుకూర, చేప చేరలేదు. కొల్లేటి చెరువుల చేప మంచుపెట్టెలలో లారీలెక్కి కలకత్తాకు పోవుచున్నది. మన యింట నూరుగాయతో రెండవమారు అన్నము వడ్డించుచున్నారు. సాయంకాలము బజ్జీలు, చక్కెరపానీయములు. రాత్రి నిద్రను హరించు చేతిలోని తెర.

ఉదయము మొదలు కుర్చీనంటియుండు న్యాయవాదులమైన మేమును ఈ నేరమున ముద్దాయిలమే. మా పక్షమున వాదింపదగినదేమియు లేదు.

ఈ వ్యాధి తలుపు తట్టి రాదు. నొప్పి లేదుగదాయని యూరకుండువాని కన్నులను, మూత్రపిండములను, పాదములను నిశ్శబ్దముగా హరించును. కావున 30 ఏండ్లు దాటిన ప్రతివాడును రక్తపుపోటును, రక్తములోని చక్కెరను పరీక్షింపించుకొనవలెను. అన్నము సగము చేసి, కూర రెట్టింపు చేయవలెను. దంపుడుబియ్యము, చోళ్లు, జొన్నలు మరల వంటయింటికి రావలెను. దినమునకు అరగంట కాలువగట్టున నడువవలెను. పఠనమందిరముల వారు నెలకొకనాడు ఆరోగ్యకేంద్రపు నర్సును పిలిపించి, పత్రికలు చదువ వచ్చువారికి పరీక్షలు చేయింపవచ్చును. అందులకు కావలసినది ధనము కాదు, ఒక బల్లయు, కొంత పూనికయు.

ఆ బల్లయొద్ద మొట్టమొదట చేయి చాచువారము మేమే కాగలము.