అప్పు పట్టణానిది, భారం బస్తీది

పట్టణం చేసే అప్పు పత్రంపై సంతకం అధికారిది. దానిని తీర్చేది మాత్రం పన్ను కట్టే ప్రతి ఇల్లు. నల్గొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లోని మన కుటుంబాలు ఈ వాస్తవాన్ని ఇంకా పట్టించుకోవడం లేదనే బాధతో ఈ మాటలు రాస్తున్నాము.

2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిసి, పట్టణాలు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. ఆ ఏడాదే మహబూబ్‌నగర్ నగరపాలక సంస్థగా మారింది. హోదాతో పాటు ఖర్చూ పెరుగుతుంది. అమృత్ రెండో దశలో లక్ష నుంచి పది లక్షల జనాభా గల పట్టణాల పనులకు కేంద్రం ఇచ్చేది మూడో వంతే. తక్కినది రాష్ట్రం, స్థానిక సంస్థ సమకూర్చుకోవాలి. హైదరాబాద్ మహానగరపాలక సంస్థ 2018లో బాండ్ల ద్వారా రూ.200 కోట్లు తెచ్చుకోగలిగింది. చిన్న పట్టణాలకు ఆ మార్గం సులభం కాదు. రుణసంస్థల గడప తొక్కక తప్పదు.

అప్పును మేము వ్యతిరేకించడం లేదు. ఫ్లోరైడ్‌తో తరతరాలు నలిగిన నల్గొండలో మంచినీటి గొట్టం కోసం చేసే అప్పు తప్పెలా అవుతుంది? జీతాలు, విద్యుత్ బిల్లులు, వాయిదాలు పోగా మిగిలిన సొమ్ము ఏ బస్తీకి చేరుతోందన్నదే మా ప్రశ్న. ఆదాయం చాలనప్పుడు చూపు ముందుగా పడేది చిన్న ఇంటి మీదనే.

2020 నాటి లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకాన్నే తీసుకుందాం. వంద చదరపు మీటర్ల స్థలానికి మీటరుకు రూ.200 చొప్పున మూల రుసుమే రూ.20,000; స్థలం విలువను బట్టి అందులో కొంత శాతం గాని, మొత్తం గాని కట్టాలి. లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలకపోతే స్థలం విలువలో 14 శాతం అదనం. వదలనిది అమ్మిన వ్యాపారి, శిక్ష కొన్న పేదవానికి! అదే స్థలం నోటిఫై అయిన మురికివాడలో ఉంటే మీటరుకు రూ.5 మాత్రమే, అంటే రూ.500. మన బస్తీ పేరు ఆ జాబితాలో ఉందా లేదా అన్నదానిపై ఇంత తేడా ఆధారపడి ఉంది. ఆ జాబితాను మనలో ఎందరు చూశారు?

నిబంధనలు అక్కరలేదని ఎవరూ అనరు. అగ్నిమాపక వాహనం దూరలేని సందులో నష్టపోయేది మనమే. 75 గజాల లోపు ఇంటికి రూపాయితో నమోదు, ఏటా రూ.100 పన్ను అన్న 2019 పురపాలక చట్టం మేలైనదే. కాని స్వీయ ధ్రువీకరణ తప్పని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారమూ దాని వెంటే వచ్చింది. సొంత స్థలం ఉన్నవారికి రూ.5 లక్షలిచ్చే ఇందిరమ్మ ఇంటికైనా చేతిలో కాగితం ఉండాలి. 2024 ఆగస్టులో మహబూబ్‌నగర్ ఆదర్శనగర్‌లో దివ్యాంగుల ఇళ్లు సైతం కూలాయి. ఆ నవంబరు 13న సుప్రీంకోర్టు, కూల్చివేతకు ముందు పదిహేను రోజుల నోటీసు తప్పనిసరి అని చెప్పింది. అయితే రోడ్లు, జలవనరుల వంటి చోట్ల ఆ రక్షణ వర్తించదు. ఊరూరా మేడలు కట్టిన పాలమూరు కూలీ తన గూటికి పత్రం లేక భయపడటం కంటే విషాదం ఏముంటుంది?

కౌన్సిల్‌లో మైనారిటీ కోఆప్షన్ సభ్యుడు మాట్లాడగలడు గాని ఓటు వేయలేడు. కనుక వార్డు నుంచే ఒత్తిడి రావాలి. చట్టం ప్రకారం ప్రతి వార్డుకు పదిహేను మంది చొప్పున నాలుగు కమిటీలుండాలి. మన యువకులు, మహిళలు వాటిలో చేరాలి. పట్టణ రుణం ఎంత, వడ్డీ ఎంత, ఏ వార్డులో ఎంత ఖర్చయిందన్న పట్టికను తెలుగుతో పాటు రెండో అధికార భాషయైన ఉర్దూలోనూ గోడపై అతికించాలని కోరాలి. నోటిఫై కాని బస్తీల సర్వేకు దరఖాస్తు పెట్టాలి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, కొనుగోలు పత్రం ఒకే సంచిలో భద్రపరచాలి.

అప్పును రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని మన ధర్మం ఇద్దరి మధ్య వ్యవహారానికే నియమం చేసింది. ఒక పట్టణమంతటి పేరిట తీసుకునే అప్పుకు ఆ పట్టణ ప్రజలే సాక్షులు. సాక్షి నిద్రపోతే లెక్క ఎవరు అడుగుతారు?