ఓవర్‌టైము వేతనం, ఆదాయపు పన్ను

చాథం రేవులో ఫెర్రీ ఎక్కి, బాంబూఫ్లాట్‌లో దిగి, అక్కడినుండి ఫెరార్గంజ్ చేరవలసిన ఉద్యోగికి రెండు గంటల అదనపు పని అంటే చీకటిపడ్డాక ఇల్లు చేరడమే. అంత శ్రమకు వచ్చిన సొమ్ములోనూ కోత కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది. ఓవర్‌టైముకు వేరే పన్ను ఉన్నదనీ, దాని రేటు హెచ్చనీ అపోహ పుట్టేది అక్కడే.

అట్టి ప్రత్యేక రేటు మన దేశంలో లేదు. ప్రత్యేక మినహాయింపూ లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు మించిన పనికి రెట్టింపు వేతనం నిర్దేశించింది. ఆ రెట్టింపు సొమ్ము యావత్తూ పన్ను లెక్కలో జీతమే. అమెరికాలో 2025 జులైలో వచ్చిన చట్టం ఓవర్‌టైములో కొంత భాగానికి నాలుగేళ్లపాటు తగ్గింపు ఇచ్చిన మాట నిజమే గాని, అది అండమానుకు వర్తించదు.

మరి ఆ నెలలో కోత పెరగడమెందుకు? యజమాని ఏడాది మొత్తపు ఆదాయాన్ని అంచనా కట్టి, దానిపై పడే పన్నును నెలలకు పంచుతాడు. అంచనా పెరిగితే మిగిలిన నెలల కోతా పెరుగుతుంది. ఎక్కువ కోసి ఉంటే రిటర్ను దాఖలు చేసి వాపసు పొందవచ్చు. చిన్న జీతగాండ్రు పోగొట్టుకొనేది తరచు ఇక్కడే.

2025-26 కొత్త పద్ధతి రేట్లు చూద్దాం. నెలకు 30,000 జీతం, 5,000 ఓవర్‌టైము అయితే ఏడాదికి 4,20,000. పైసా పన్ను లేదు. జీతగాండ్రకు 75,000 ప్రామాణిక తగ్గింపు పోను 12 లక్షల వరకు రిబేటు ఉన్నది గనుక, 12,75,000 దాకా ఇదే మాట.

చిక్కంతా ఆ గట్టుమీద ఉన్నవారికి. ఏడాది జీతం 12,60,000 అనుకొందాం, పన్ను సున్న. 40,000 ఓవర్‌టైము చేరితే తగ్గింపు పోను ఆదాయం 12,25,000. స్లాబుల ప్రకారం పన్ను 63,750 రావాలి, సంపాదించినదానికన్న హెచ్చు! అందుకే చట్టం 12 లక్షలు మించిన 25,000 దగ్గర ఆ పన్నును ఆపివేస్తుంది. సెస్సుతో 26,000 పోయి, చేతికి మిగిలేది 14,000. అట్టివారు మార్చికి ముందే లెక్క వేసుకొని అదనపు పనికి ఒప్పుకోవడం మంచిది.

పాత సంవత్సరాల ఓవర్‌టైము బకాయి ఒక్కసారిగా వస్తే, ఏ ఏటికెంతో విడదీసి చూపి పన్నులో ఉపశమనం కోరవచ్చు. నిర్ణీత ఫారం రిటర్నుకు ముందే సమర్పించాలి. అందుకు ఏ నెల ఓవర్‌టైము ఎంతో తెలిపే జీతపు చీటీలు దాచుకొని ఉండాలి.