మాట ఎవరిది, వెల ఎవరిది?

రాయచోటి, లక్కిరెడ్డిపల్లె ప్రాంతాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లి వచ్చిన స్త్రీలతో మేం చేసిన ఇంటర్వ్యూలు ఈ పత్రికలో విడతలుగా వచ్చాయి. వాటిని ఒకచోట చేర్చి ఈ-పుస్తకంగా అమ్ముదామని, ఆ డబ్బుతో పత్రికను నిలబెట్టుకోవచ్చని ఒక ప్రతిపాదన వచ్చింది. పత్రిక నడపడం ఎంత భారమో చందాదారులకు తెలియనిది కాదు. అయినా ఇప్పుడున్న రూపంలో నేను దీనికి ఒప్పుకోలేను. మీలో చాలామంది దగ్గర కూడా ఇలాంటి క్యాసెట్లు, నోటుపుస్తకాలు, ఫోన్ రికార్డింగులు ఉన్నాయి గనుక కారణాలు మీ ముందు పెడుతున్నాను.

ఆ స్త్రీలు మాతో మాట్లాడింది ఒక సంఘంతో మాట్లాడినట్టు. జీతం ఎగ్గొట్టిన యజమాని సంగతి, మోసం చేసిన ఏజెంటు సంగతి నలుగురికీ తెలియాలని చెప్పారు. వెల కట్టి అమ్మే వస్తువు కోసం ఆ ఒప్పుదల ఇవ్వలేదు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతి చెప్పిన ప్రయోజనానికే పరిమితమనీ, ఇచ్చినవారు దాన్ని వెనక్కి తీసుకోవచ్చనీ అంటోంది.

పేర్లు మార్చాం కదా అంటారు. ఊరు, పిల్లలెందరు, ఏ ఏడాది వెళ్లింది, ఎవరి ద్వారా వెళ్లింది - ఇవి చాలు, ఊళ్లో ఎవరైనా పోల్చేస్తారు. కువైట్ వంటి దేశాలకు ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ వయసు రాక విజిట్ వీసా మీద పోయినవాళ్లు ఉన్నారు. ఆ ఒక్క వివరం చాలు, ఏజెంటు బెదిరించడానికి. ఖద్దామాగా పోయి వచ్చిందంటేనే నోరు పారేసుకునే జనం, లైంగిక హింస సంగతి బయటపడితే ఆమెను బతకనిస్తారా? అలాంటి నేరాల్లో బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద శిక్షార్హం కూడా. అచ్చు పత్రిక కొద్దిమంది చేతుల్లో తిరుగుతుంది. ఈ-పుస్తకంలో ఒక పేజీని ఫొటో తీసి ఎవరైనా వాట్సాప్‌లో పెడితే అది రాయచోటిలోనూ కువైట్‌లోనూ ఒకేసారి తెరుచుకుంటుంది.

స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను ఒక మిత్రురాలు గుర్తుచేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో నిలబడిన ఐలమ్మ, మల్లు స్వరాజ్యం అందులో తమ పేర్లతోనే మాట్లాడారు. 1989లో కాళీ ఫర్ విమెన్ దాన్ని ఇంగ్లీషులో వేసింది. అక్కడ పేర్లు దాచి ఉంటే అదే అన్యాయమయ్యేది. కానీ పోరాట విరమణ 1951లో జరిగింది. ఆ మాటలు అచ్చయ్యేసరికి మూడు దశాబ్దాలు దాటాయి. మన రాయచోటి స్త్రీలలో చాలామంది అప్పు తీరక మళ్లీ విమానం ఎక్కాల్సినవాళ్లు.

ఇక డబ్బు. పరిశోధకురాలికి పేరు, సంస్థకు ఆదాయం, చెప్పినామెకు ఒక ఉచిత ప్రతి - అదీ స్మార్ట్‌ఫోన్ ఉంటే, చదువు వస్తే. నాలాంటివాళ్ల డాక్టరేట్లు నిలిచిందీ ఇలాంటి మాటల మీదే. మాట్లాడకముందే డబ్బు ఇస్తే మాట తీరు మారుతుందన్న అభ్యంతరం నాకూ ఉంది. అమ్మకాల్లో వాటా ఇవ్వడానికి అది అడ్డు కాదు.

కనుక మొదట ప్రతి ఒక్కరి దగ్గరికీ మళ్లీ వెళ్తాం. ఆమె చెప్పింది ఆమెకే పూర్తిగా చదివి వినిపిస్తాం, వెల ఎంతో, ఆమె వాటా ఎంతో చెప్తాం. తీసేయమన్న వాక్యం తీసేస్తాం. కువైట్‌లో ఉన్నవారిని ఫోన్‌లో నేరుగా అడుగుతాం. భర్తో అన్నో ఆమె తరఫున సరేనంటే కుదరదు. జాడ తెలియనివారి కథ పుస్తకంలో ఉండదు. సగం పేజీలే మిగిలితే సగం పేజీల పుస్తకమే వేద్దాం. రాయచోటి చుట్టుపక్కల పనిచేసే కార్యకర్తలు ఈ పనిలో తోడు రాగలిగితే పత్రిక చిరునామాకు ఉత్తరం రాయండి.