170 మిల్లీసెకన్ల ఆలస్యం

డ్రమ్స్ మొదలుపెట్టడానికి ఇరవై ఎనిమిదేళ్లు మంచి వయసేమీ కాదు. మా మాస్టర్‌కే ఇరవై రెండు. ఆదివారం పొద్దున సికింద్రాబాద్‌లో ఓ చర్చిలో వాయిస్తాడు, ముహూర్తాల సీజన్‌లో పెళ్లి ఆర్కెస్ట్రాలకి వెళ్తాడు, శనివారం సాయంత్రం నాలాంటి వాళ్లకి నేర్పుతాడు. నన్ను 'అక్కా' అంటాడు, నేను 'మాస్టర్' అంటాను. క్లాసులో నా పక్కన కూర్చునేది తొమ్మిదో తరగతి కుర్రాడు. నాకన్నా బాగా వాయిస్తాడు. ఆ సంగతి వాడికీ తెలుసు.

నిజాంపేటలో మా ఫ్లాట్ మూడో అంతస్తు. ఫుల్ కిట్ కొనే ఆలోచన మొదటి వారమే మానుకున్నా. ఎలక్ట్రానిక్ కిట్‌కి చప్పుడుండదు కదా అనుకుంటాం గానీ, కాలితో తొక్కే కిక్ పెడల్ అదురు శ్లాబులోంచి నేరుగా కింది ఇంటికి దిగుతుంది. కింద ఆంటీ వాళ్లబ్బాయిది పదో తరగతి. అందుకని నా సరంజామా అంతా ఒక రబ్బర్ ప్రాక్టీస్ ప్యాడ్, దానికో స్టాండు, ఓ జత 5ఏ స్టిక్స్. డ్రమ్స్‌లో అక్షరాల్లాంటివి రుడిమెంట్స్. పర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ జాబితాలో అవి మొత్తం 40. ఆరు నెలలకి నేను నాలుగింటి దగ్గరున్నా. నాలుగోది పారాడిడిల్: కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. చదవడానికి ఎంత తేలికో చూశారుగా. ఇప్పుడు మీ తొడల మీద వరసగా ఓ ముప్పై సార్లు కొట్టి చూడండి.

రోజుకి అరగంట ప్రాక్టీస్ కావాలి. ఆఫీసు గచ్చిబౌలిలో. సాయంత్రం స్టాండప్ కాల్, ట్రాఫిక్, వంట... ఆ అరగంట ఎక్కడా దొరకలేదు. అప్పుడు దిగింది గుమాస్తా. ఏఐ అసిస్టెంట్‌కి నేను పెట్టుకున్న పేరది. ఏ కంపెనీదో అడక్కండి, ఈ విషయంలో అన్నీ ఒకే తానులో ముక్కలు.

గుమాస్తా పనిమంతుడే, అబద్ధమెందుకు. క్యాబ్‌లో కూర్చుని 'కరెంటు బిల్లు, హెచ్‌ఆర్‌ఏకి అద్దె రసీదులు, చీపురు, బుధవారం డెంటిస్టు' అని గడగడా వాగేస్తే, అన్నీ తేదీల వారీగా సర్ది పెడుతుంది. ఫ్రిజ్ ఫొటో పెడితే ఆ వాడిపోయిన దొండకాయల్ని ఏం చేయాలో చెబుతుంది. ప్రాక్టీస్‌నీ అలాగే ముక్కలు చేసి ఇచ్చింది. ఐదు నిమిషాలు వార్మప్, పది నిమిషాలు సింగిల్స్, పది పారాడిడిల్, చివరి ఐదు నిమిషాలు ఇష్టమొచ్చింది. 60 బీపీఎంతో మొదలు, వారానికి 4 పెంచాలి. అలా అయితే పది వారాల్లో వంద. కాగితం మీద చూస్తే నేను సంక్రాంతికి శివమణి పక్కన స్టూలేసుకుని కూర్చోవాలి.

ఇక్కడ నాలో ఇంజినీర్ నిద్ర లేచింది. టైమింగ్ ఎలా ఉందో చెవితో వింటే సరిపోదు, నంబర్ కావాలి. గుమాస్తా చేత చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాయించా. ల్యాప్‌టాప్ నా చెవిలోకి క్లిక్ పంపుతుంది. అదే సమయంలో దాని మైక్ ప్యాడ్ మీద దెబ్బల్ని రికార్డ్ చేస్తుంది. ఒక్కో దెబ్బ క్లిక్‌కి ఎంత ముందు పడిందో, ఎంత వెనక పడిందో లెక్కగట్టి చివర్లో సగటు చెబుతుంది. 60 బీపీఎం, అంటే సెకనుకి ఒక్క దెబ్బ. చిన్నపిల్లలైనా కొడతారు.

సగటు 170 మిల్లీసెకన్లు లేటు.

సెకనులో ఆరో వంతు. 80 బీపీఎంలో బీట్‌కి నాలుగు దెబ్బలు వేస్తే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేదే 187 మిల్లీసెకన్లు. అంటే ఆ వేగంలో నేను దాదాపు ఒక పూర్తి దెబ్బ వెనకబడి ఉంటాను. గుమాస్తాని అడిగా, 'నేనెందుకు ఇంత లేటుగా వాయిస్తున్నాను?' అని.

దానికి వచ్చిన జవాబు చదివితే ఎవరికైనా కడుపు నిండుతుంది. కొందరు గొప్ప డ్రమ్మర్లు కావాలనే బీట్‌కి కాస్త వెనకగా, లెయిడ్‌బ్యాక్‌గా వాయిస్తారట. నాలో ఆ సహజ లక్షణం ఉండొచ్చట. తగ్గించుకోవాలంటే మాత్రం క్లిక్ కోసం ఎదురుచూడకుండా, దాన్ని ముందే ఊహించి కొట్టడం అలవాటు చేసుకోవాలట. దానికి రెండు వారాల ప్లాన్ కూడా ఇచ్చింది, రోజువారీ టేబుల్‌తో సహా.

రెండు వారాలు నిష్ఠగా చేశా. క్లిక్ వినపడకముందే కొట్టడమంటే ఏంటో తెలుసా? అవతలివాళ్లు నోరు తెరవకముందే 'ఊఁ' అనడం లాంటిది. అయినా స్కోరు తగ్గింది. 170 కాస్తా 130, ఆ తర్వాత 90. గ్రాఫ్ గీసి స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకున్నా.

శనివారం క్లాసులో మాస్టర్ స్పీకర్‌లో క్లిక్ పెట్టి సింగిల్స్ వాయించమన్నాడు. నాలుగు బార్లకే చెయ్యెత్తి ఆపాడు.

"అక్కా, ఎక్కడికి పరిగెడుతున్నావ్? బండి పోతోందా?"

ఇంట్లో నేను లేటు. క్లాసులో తొందర. అవే చేతులు. ఆ మాటే చెప్పి, ల్యాప్‌టాప్ తెరిచి గ్రాఫ్ చూపించా. మాస్టర్ గ్రాఫ్ వంక చూడను కూడా లేదు.

"ఇంట్లో చెవిలో ఏం పెట్టుకుంటావ్?"

"బడ్స్."

"తీగున్నది పెట్టుకో అక్కా. స్టేజీ మీద మేమెవరం బ్లూటూత్ వాడం."

ఇంటికెళ్లాక చేసిన పని మీకు చెప్పాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది. ఒక బడ్‌ని ల్యాప్‌టాప్ మైక్‌కి ఆనించి పెట్టా. స్క్రిప్ట్ రన్ చేశా. స్టిక్స్ ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నా. బడ్‌లోంచి వచ్చే క్లిక్‌నే మైక్ విని, దాన్నే నా దెబ్బ అనుకుని లెక్కగట్టింది.

168 మిల్లీసెకన్లు లేటు.

ఎవరూ వాయించకుండానే! ల్యాప్‌టాప్ శబ్దాన్ని కుదించి, ప్యాకెట్లుగా రేడియోలో పంపి, బడ్ దాన్ని కాసేపు దాచుకుని, విప్పి వినిపించేసరికి పట్టే సమయమది. సినిమా చూసేటప్పుడు ప్లేయర్ బొమ్మని కూడా అంతే ఆలస్యం చేసి సరిపెడుతుంది కాబట్టి మనకి తెలియదు. నేను మాత్రం రెండు వారాల పాటు లేని జబ్బుకి మందు మింగి, ఉన్న టైమింగ్ పాడుచేసుకున్నా.

ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్ గుర్తున్నాయా? స్క్రూగేజ్ చేతిలోకి తీసుకోగానే తీగ మందం కొలవకూడదు. ముందు మధ్యలో ఏమీ లేకుండా బిగించి, రీడింగ్ సున్నా వస్తోందా లేదా చూడాలి. రాకపోతే ఆ తేడాని ప్రతి రీడింగ్‌లోంచి తీసేయాలి. జీరో ఎర్రర్. రికార్డు పుస్తకంలో నేనూ రాశా, మార్కులూ వేయించుకున్నా. పదేళ్లు తిరక్కుండానే మర్చిపోయా.

గుమాస్తాని నిలదీశా. 'ఇది బ్లూటూత్ వల్ల అయ్యుంటుందా?' అని. 'చాలా మంచి ప్రశ్న!' అంటూ మొదలుపెట్టి పైన చెప్పిందంతా నాకన్నా బాగా వివరించింది. అంటే దానికి తెలియక కాదు. 'నేనెందుకు లేటు' అని అడిగా కాబట్టి, నేను లేటన్నది ఖాయం చేసుకుని అక్కణ్నుంచి మొదలెట్టింది. ఈ మోడల్స్ మనం రాసిన మాటల్ని ఆధారం చేసుకునే తర్వాతి మాటలు అల్లుతాయి. పైగా మనుషులు మెచ్చిన జవాబుల్ని బట్టి వాటికి మెరుగులు దిద్దుతారు. మనుషులకి ఏది నచ్చుతుందో చెప్పాలా? 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ తన జీపీటీ-4ఓ అప్‌డేట్ ఒకదాన్ని, మరీ భజన చేస్తోందని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు నేను ఏది అడిగినా చివర్లో ఓ లైన్ తగిలిస్తా: 'నేను చెప్పిన విషయమే తప్పయ్యే అవకాశం ఉంటే ముందు అది చెప్పు.' ప్రతిసారీ పనిచేస్తుందని కాదు, కానీ భజన కొంచెం తగ్గింది.

ఇక్కడితో ఆగిపోతే ఇది ఓ సరదా కథ. కానీ గుమాస్తాకి నేను ఇచ్చిన తప్పుడు లెక్క ఇంకోటుంది. నాలుగు నెలల కిందటిది.

టైమ్ దొరకట్లేదని మొదట్లో దాని దగ్గర ఏకరువు పెట్టినప్పుడు, 'సాయంత్రం ఇంటి నుంచి వచ్చే ఫోన్లకే నలభై నిమిషాలు పోతున్నాయి' అని కూడా రాశా. 'పోతున్నాయి' అన్నది నా మాటే. గుమాస్తా దాన్ని సమస్యగా తీసుకుని చక్కగా పరిష్కరించింది. రాత్రి 8:40 నుంచి 8:50 దాకా అమ్మ. 8:50కి ప్యాడ్.

అమ్మ రాజమండ్రిలో ఒక్కతే ఉంటుంది. స్కూల్లో టీచర్‌గా చేసి రిటైరైంది. పది నిమిషాల్లో ఏడు నిమిషాలు సంబంధాల గురించే ఉంటాయి కాబట్టి ఆ పది కూడా ఎక్కువేనని నాకప్పట్లో అనిపించేది. 8:49కి ఫోన్ ఓసారి వణుకుతుంది. 'సరేమ్మా, ఉంటా' అంటాను. ఓ రోజు అమ్మ నవ్వుతూ, "ఏంటమ్మలూ, బెల్లు కొట్టేశారా?" అంది. నేనూ నవ్వా. ముప్పై ఏళ్లు పీరియడ్ల లెక్కన బతికిన మనిషికి పీరియడ్ ఎప్పుడైపోతుందో నేను చెప్పాలా?

పోయిన నెలలో పక్కింటి పిన్నిగారి దగ్గర్నుంచి ఫోన్. "అమ్మకి చెయ్యి ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అని. ఏ చెయ్యి?

ఎనిమిది రోజుల కిందట మేడ మెట్ల మీద జారి పడిందట. కుడి మణికట్టు. పిన్నిగారి అబ్బాయి బండి మీద తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాడు. ఎముక సన్నగా చిట్లింది, కట్టు వేశారు. ఆ ఎనిమిది రోజులూ నేను 8:40కి ఫోన్ చేస్తూనే ఉన్నా. కూర ఏం వండావంటే వంకాయ అంది. ఎడమ చేత్తో వంకాయ ఎలా తరిగిందో ఇప్పటికీ తెలీదు.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అని అరిచినంత పని చేశా.

"చెబితే నువ్వు కంగారు పడతావు, డాక్టరేమన్నాడంటావు, ఎక్స్‌రే పంపమంటావు. నీ పది నిమిషాల్లో అదంతా అవ్వదు కదే. సగంలో పెట్టేస్తే నీకు రాత్రంతా నిద్రుండదు. తగ్గాక చెబుదాంలే అనుకున్నా."

కోపంగా చెప్పలేదు. సిలబస్ ఎందుకు వెనకబడిందో చెప్పినట్టు చెప్పింది. దానికేం సమాధానం చెప్పాలో ఆ రోజు తెలియలేదు. ఈ రోజు కూడా పెద్దగా తెలీదు.

క్యాలెండర్‌లో 'అమ్మ' అన్న స్లాట్‌కి చివరి టైమ్ తీసేద్దామనుకున్నా. ఒప్పుకోలేదు. ఎప్పుడు ముగుస్తుందో చెప్పకపోతే మా క్యాలెండర్ దేన్నీ సేవ్ చెయ్యదు. స్లాట్‌నే తీసేశా. ఇప్పుడు ఒక్కోరోజు నాలుగు నిమిషాల్లో పెట్టేస్తుంది, సీరియల్ మొదలైందని. ఒక్కోరోజు గంట. గంట పట్టిన రోజు ప్యాడ్ ముట్టుకోను. పది వారాల్లో వంద అన్నది ఎప్పుడో కొండెక్కింది. ప్రస్తుతం 72 దగ్గరున్నా.

మొన్నోరోజు మాటల్లో, "ఆ కర్రలేవో ఒకసారి వాయించు, విందాం" అంది. వాట్సాప్ కాల్‌లోనే వాయించా. "ఏమీ వినపడట్లేదే" అంది. మాట తప్ప మిగతాదంతా రొద కింద లెక్కేసి కాల్ దాన్ని నొక్కేస్తుంది మరి. సింగిల్స్ ఓ నిమిషం రికార్డు చేసి వాయిస్ నోట్ పంపా. పావుగంటకి తిరుగు వాయిస్ నోట్.

"రెండో రోకలి ఆలస్యం అవుతోందే."

అమ్మ చిన్నప్పుడు సంక్రాంతికి అరిసెల పిండి ఇంట్లోనే దంచేవాళ్లు. ఒకే రోట్లో పెద్దమ్మ ఓ రోకలి, అమ్మ ఓ రోకలి. ఒకరిది లేస్తుంటే ఇంకొకరిది దిగాలి. ఏ ఒక్కరు ఆలస్యం చేసినా రోకళ్లు గుద్దుకుంటాయి. మెట్రోనోమ్ లేదు, చెల్లెలు అక్క రోకలి చప్పుడు వింటూ దంచడమే.

నేను వైర్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ముందు జీరో ఎర్రర్ కొలిచి, దాన్ని తీసేసి, కుడి ఎడమ దెబ్బల్ని విడివిడిగా లెక్కగట్టించా. కుడి చెయ్యి దాదాపు క్లిక్ మీదే ఉంది. ఎడమ చెయ్యి 24 మిల్లీసెకన్లు వెనక. ఆ నంబర్ మాస్టర్‌కి పంపితే, "మొదటి రోజు నుంచీ చెప్తున్నా కదక్కా, ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి అని" అన్నాడు. చెప్పే ఉంటాడు.

శనివారం అమ్మ కట్టు విప్పుతారు. శుక్రవారం రాత్రి గౌతమికి టికెట్ తీసుకున్నా, క్లాసుకి రానని చెప్పేశా. ప్యాడ్ బ్యాగులో పెట్టా. వంకాయలు మాత్రం ఈసారి నేనే తరుగుతా.