నేరేడు పండు అంటే తప్పా?

హైదరాబాద్‌లో ఓ పెద్ద హోటల్లో, కొత్తవాళ్లకి వైన్ రుచి చూడటం నేర్పుతామంటే డబ్బు కట్టి వెళ్లాను. గ్లాసు అడుగున రెండు గుక్కల ఎర్ర వైన్ పోశారు. వాసన చూసి ఏమనిపిస్తోందో చెప్పమన్నాడు నేర్పేవాడు. నా పక్కనున్న అమ్మాయి కళ్లు మూసుకుని గ్లాసులో ముక్కు పెట్టింది. కాసేపాగి, "నేరేడు పండు" అంది. చెబుతున్నప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది. అతను చిన్నగా నవ్వాడు. "నేరేడు కాదండీ, బ్లాక్ కరంట్ అనాలి" అన్నాడు. ఆ తర్వాత గంటన్నర సేపు ఆమె నోరు విప్పలేదు. ప్రతి గ్లాసుకీ అతను ఏం చెబితే అది కాగితం మీద ఎక్కించుకుంది.

దీన్ని పాఠం అంటారా? నేను దోపిడీ అంటాను. తన సొంత ముక్కుతో కనుక్కున్న నిజాన్ని ఆ పిల్ల దగ్గర లాక్కుని, ఓ కాగితం చేతిలో పెట్టి పంపేశారు.

అసలు ఆ బ్లాక్ కరంట్ మనలో ఎంతమంది తిన్నారు? మనకి అది ఐస్‌క్రీమ్ కప్పు మీద పేరు. మన సంగతి పక్కన పెట్టండి. పైన్ చెట్లకి తుప్పు తెగులు అంటిస్తుందని అమెరికా 1911లో దాని సాగునే నిషేధించింది. కేంద్రం ఆ నిషేధం ఎత్తేసింది 1966లో. తరాల తరబడి అక్కడివాళ్లు ఎరగని పండు అది. ఇంగ్లండ్ తోటల్లో కాస్తుంది కాబట్టి ఇంగ్లిష్‌వాళ్లు తమ గ్లాసులో దాన్ని వెతుక్కున్నారు. వెతుక్కోనివ్వండి, అది వాళ్ల హక్కు. మన వీధి చివర నేరేడు చెట్టుంది. రాలిన పళ్లు ఏరుకుని, ఉప్పు అద్దుకుని, నాలుక ఊదారంగు చేసుకున్న పిల్లకి ఆ మాట అనే హక్కు లేదా?

ఎర్ర వైన్ దగ్గర కొత్తవాళ్లు ముందు తడబడేది వాసనకి కాదు, నోరు పట్టేసినట్టు అయ్యే ఆ గుణానికి. ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ వచ్చే టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి. దాంతో నోట్లో జారుడుతనం పోయి, నాలుక గరుకుగా, చిగుళ్లు బిగుసుకున్నట్టుగా అనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో నేర్చుకునేవాళ్లు దీన్నీ చేదునీ కలిపేసుకుని రోజుల తరబడి తికమకపడతారు. తెలుగింట్లో ఐదేళ్ల పిల్లకి ఆ తేడా చెప్పక్కర్లేదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదు వేరు, మామిడి పిందె వగరు వేరు. వగరు! ఎంత కచ్చితమైన మాట! దగ్గొస్తే కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకున్నవాళ్లకీ, పచ్చి జామకాయ కొరికినవాళ్లకీ టానిన్ అంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఆ నాలుకని పట్టుకుని "మీకు రుచి తెలియదు" అనడానికి ఎంత పొగరుండాలి!

నమ్మకపోతే ఈ సాయంత్రమే చేసి చూడండి. టీ పొడి బాగా మరిగించి, పాలూ పంచదారా లేకుండా ఒక గుక్క తాగండి. నాలుకని అంగిట్లో రుద్ది చూడండి. ఇప్పుడు అందులోనే పాలు పోసి మళ్లీ తాగండి. వగరు మెత్తబడుతుంది, పాలలోని ప్రొటీన్ టానిన్‌ని పట్టేసింది కాబట్టి. వగరెక్కువ ఉన్న ఎర్ర వైన్‌తో జున్నులాంటి చీజ్ ముక్క ఎందుకు పెడతారో కూడా ఈ కప్పులోనే తెలిసిపోతుంది.

బట్టీ మాటల సంగతి ఫ్రాన్స్‌లోనే బయటపడింది. బోర్డోలో వైన్ చదువు చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కి వాడే మాటలే రాశారు. 2001లో అచ్చయిన పరిశోధన అది. ముక్కు కంటే ముందు కన్నూ, కంటి వెనక బట్టీ పట్టిన పదాలూ మాట్లాడాయన్నమాట. దీనికి మందు కూడా చాలాకాలంగా ఉంది. కాలిఫోర్నియాలో, డేవిస్ యూనివర్సిటీలో ఆన్ నోబుల్ 1984లో వాసనల చక్రం గీసింది. సొగసు, హుందాతనం లాంటి గాలి మాటలకి అందులో చోటివ్వలేదు. మామూలు వైన్‌లో లవంగమో, క్యాప్సికం ముక్కో వేసి వాసన చూపించి నేర్పే పద్ధతి ఆమెది. పాఠానికి కావలసిన సరుకంతా వంటింట్లో దొరుకుతుంది. నాసిక్ తెల్ల వైన్ సావిన్యాన్ బ్లాంక్‌లో పచ్చి క్యాప్సికం వాసన తగిలిందా? అది మీ భ్రమ కాదు. ఆ రెంటిలోనూ ఉండే పదార్థం ఒకటే.

ఇంకో మూఢనమ్మకం, ఎర్ర వైన్ గది వేడిలో తాగాలన్నది. ఎవరి గది? ఆ సూత్రం యూరప్ చలి ఇళ్లలో పుట్టింది. 16, 18 డిగ్రీల మాట అది. మే నెల హైదరాబాద్ గదిలో ఆ సీసా తెరిస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప ఏదీ ముక్కుకి అందదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, ఎవరు నవ్వినా సరే.

తప్పు మనదీ ఉంది. బ్రాందీ, విస్కీ అమ్మే కొట్టుకి మనం "వైన్స్" అని బోర్డు పెట్టుకున్నాం. ఆ బోర్డు కింద నిలబడి గడగడా గొంతులో ఒంపుకున్నవాళ్ల ఇళ్లు కూలడం నేను కళ్లారా చూశాను. వాటిని మరిచిపోయి రాయడం లేదు. రుచి చూడటం ఆ తాగుడికి పూర్తిగా ఎదురు దారి. రోజుకి పదుల సీసాలు రుచి చూసే వృత్తివాళ్లు నోట్లో తిప్పి, పుల్లని గుణం, వగరు, వాసన గుర్తుపట్టి, బకెట్‌లో ఉమ్మేస్తారు. అలా నేర్చుకోవాలనుకునేవాళ్లకి మన దగ్గర ఉన్నవి రెండే చోట్లు: ఒకటి నాలుకతో పని లేని ఆ బోర్డు కింద, రెండోది మన నాలుకకి విలువ లేని ఆ హోటల్లో.

కాబట్టి నేర్పేవాళ్లకి ఒకటే చెబుతున్నాను. ముందు వినండి. ఉసిరికాయ అంటే ఉసిరికాయే రాయండి. చింతచిగురు, తాటి ముంజ, తడిసిన మట్టి, ఎవరేమంటే అది బోర్డు మీదికి ఎక్కించండి. ఆ తర్వాత కావాలంటే ఇంగ్లిష్‌వాళ్లు దాన్ని ఏమంటారో చెప్పండి.

ఆ రోజు నేనూ నోరు మూసుకుని కూర్చున్నాను, అది నా తప్పు. ఇప్పుడు చెబుతున్నాను. అదే వైన్ నా గ్లాసులోనూ ఉంది, నేనూ వాసన చూశాను. అది నేరేడు పండే.