మీటరుకు లెక్కుంది, మనిషికి లేదు



నల్లగొండ, కరీంనగర్, వరంగల్ జిల్లాల నుండి పొట్ట చేతబట్టుకొని భివండీ చేరినవాళ్ళం మనం. 1982 బొంబాయి మిల్లు సమ్మె తర్వాత అక్కడి పనిలో చాలా భాగం ఇక్కడి సాంచాల మీదికి వచ్చింది. మిల్లు కార్మికుడి హక్కులు మాత్రం వెంట రాలేదు. పన్నెండు గంటలు నిలబడి నేసిన గుడ్డకు మీటరు లెక్కుంది. నేసిన మనిషికి హాజరు పుస్తకంలో పేరు లేదు. ఒకే కార్ఖానాను పలు పేర్ల మీద చీల్చి చట్టం తప్పించుకునే యజమానులున్నారు. 2020 లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగినప్పుడు, ఫలానా చోట పనిచేస్తున్నామని చూపే కాగితం మనలో చాలామంది దగ్గర లేదు.

పద్మానగర్‌లో ఒక ఇంట చావొస్తే వాడంతా చందా వేసుకుంటాం. హక్కు దగ్గర మాత్రం ఎందుకు విడిపోవాలి? గుర్తింపు కార్డు, పగారు చీటీ అడుగుదాం. ఒక్కడు అడిగితే పని పోతుంది. అందరం అడిగితే సేటు మాట్లాడక తప్పదు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!