రెండు పెట్టమనే ముందు

“ఎలాగూ ఇంత ఖర్చు పెడుతున్నాం. రెండు పిండాలు పెట్టేయండి డాక్టరు గారూ, ఇద్దరూ ఒకేసారి పుట్టేస్తే మళ్లీ ఈ తిప్పలుండవు.” ఐవీఎఫ్ కోసం వెళ్లిన తెలుగు దంపతులు దుబాయ్‌లో అయినా, హైదరాబాద్‌లో అయినా చివరికొచ్చేసరికి ఈ మాట అంటారు. ఇందులో దురాశ ఏమీ లేదు. ఏళ్ల తరబడి పెళ్లిళ్లలో, పేరంటాల్లో, వాట్సాప్ కాల్స్‌లో ‘ఇంకా విశేషం ఏమీ లేదా’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేక విసిగిపోయినవాళ్లకు కవలలంటే ఒకే విడతలో తీరిపోయే అప్పులా కనిపిస్తారు.

అయినా ఆ మాట అనకపోవడమే మంచిది. ముఖ్యంగా యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఉంటున్నవాళ్లకు ఇప్పుడు ఆ మాట అనాల్సిన అవసరమే లేదు.

ఒకప్పుడు ఉండేది. ఆ దేశం 2008లో తెచ్చిన ఫెడరల్ చట్టం నంబర్ 11 సంతాన సాఫల్య కేంద్రాలకు గట్టి హద్దులు గీసింది. అండాన్ని ఫ్రీజ్ చేసుకోవచ్చు, వీర్యాన్ని ఫ్రీజ్ చేసుకోవచ్చు. రెండూ కలిసి పిండంగా మారాక మాత్రం దాచిపెట్టకూడదు. దీని వెనుక మతపరమైన ఆలోచన ఉంది. 1990 మార్చిలో జెడ్డాలో సమావేశమైన ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, గర్భంలో పెట్టడానికి ఎన్ని కావాలో అన్ని అండాలనే ఫలదీకరించాలని, ఒకవేళ మిగిలితే వైద్యం అందించకుండా సహజంగా అంతరించిపోయేలా వదిలేయాలని తీర్మానించింది. సిద్ధాంతంగా అది సూటిగానే ఉంది. ల్యాబ్‌లో అంత సూటిగా ఉండదు. పది అండాలు తీస్తే ఎన్ని ఫలదీకరణ చెందుతాయో, వాటిలో ఎన్ని అయిదో రోజు దాకా నిలుస్తాయో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఆరు పిండాలు నిలిచాయనుకోండి. కడుపులో పెట్టాలి, లేదా పోగొట్టుకోవాలి. మూడో దారి లేదు. ఇంజెక్షన్లు పొడిపించుకుని, మత్తులో అండాలు తీయించుకుని, చేతికొచ్చిన వాటిని వదులుకోమంటే ఏ తల్లికి మనసొప్పుతుంది? ‘ఇంకొకటి కూడా పెట్టండి’ అనే ఒత్తిడి ఆ చట్టంలోనే ఉంది.

ఇది ఒక మతానికో, ఎడారి దేశాలకో పరిమితమైన సంగతి కాదు. క్యాథలిక్ ఇటలీ కూడా 2004లో నలభయ్యో నంబర్ చట్టంతో ఇదే పని చేసింది. మూడుకు మించి పిండాలు తయారుచేయకూడదు, చేసినవన్నీ ఒకేసారి గర్భంలో పెట్టాలి, ఫ్రీజింగ్ కూడదు అంది. స్త్రీ వయసును, ఆరోగ్యాన్ని పట్టించుకోని ఆ నిబంధనను 2009లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఎమిరేట్స్‌లో మార్పు మరో పదేళ్లకు వచ్చింది. 2019 చివర్లో తెచ్చిన కొత్త చట్టం పిండాలను అయిదేళ్ల పాటు నిల్వ చేసుకోవచ్చంది. దంపతులు కోరితే ఆ గడువు పొడిగించుకోవచ్చు కూడా.

అంటే ఒకటి ఇప్పుడు పెట్టించుకుని, మిగతావి దాచుకోవచ్చు. నిలవకపోతే ఇంకోటి. నిలిస్తే రెండు మూడేళ్ల తర్వాత తమ్ముడికో చెల్లికో అవే పనికొస్తాయి. మళ్లీ అండాలు తీయించుకునే బాధ ఉండదు.

ఇలా చేస్తే బిడ్డ పుట్టే అవకాశం తగ్గదా? న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు 2004లోనే వచ్చింది. స్వీడన్, నార్వే, డెన్మార్క్ క్లినిక్‌లలో 36 ఏళ్లలోపు మహిళలు 661 మందిని రెండు జట్లుగా విడదీసి చూసిన పరిశోధన ఆ ఏడాది న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. ఒక జట్టుకు ఒకేసారి రెండు పిండాలు పెట్టారు. రెండో జట్టుకు ఒకటి పెట్టి, అది నిలవకపోతే ఫ్రీజ్ చేసిన ఇంకోటి పెట్టారు. రెండు పెట్టినవాళ్లలో 42.9 శాతం మందికి, ఒక్కోటి పెట్టినవాళ్లలో 38.8 శాతం మందికి కాన్పులయ్యాయి. తేడా నాలుగు శాతం పాయింట్లు. మరి కవలల సంగతి? మొదటి జట్టు కాన్పుల్లో 33.1 శాతం కవలలు, రెండో జట్టులో 0.8 శాతం. ఇరవై ఏళ్ల కిందటి ఫ్రీజింగ్‌తోనే ఈ ఫలితం వచ్చింది. ఇప్పుడు వాడే విట్రిఫికేషన్ అనే అతివేగ ఫ్రీజింగ్ పద్ధతిలో పిండాలు అప్పటికంటే బాగా తట్టుకుంటున్నాయి.

బ్రిటన్‌లో 1990లలో ఐవీఎఫ్ కాన్పుల్లో 28 శాతం దాకా కవలలో, ముగ్గురో ఉండేవారు. ఒక్కో పిండమే పెట్టాలని నియంత్రణ సంస్థ పట్టుబట్టాక 2019కి అది 6 శాతానికి దిగింది. అక్కడ బిడ్డలు పుట్టడం ఆగిపోలేదు. సక్సెస్ రేటు పెరిగింది.

కవలలు పుడితే మంచిదే కదా అనేవాళ్లు కాన్పు గది దాకా వెళ్లి ఆగిపోతారు. ఆ తర్వాత ఎన్ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) ఉంటుంది. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకుండానే పుడతారు, ముగ్గురైతే ఇంకా ముందే. ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగవు, పాలు తాగడం రాదు, మెదడుకు, కంటిచూపుకు ముప్పు. తల్లికి బీపీ, షుగర్, సిజేరియన్, కాన్పులో రక్తస్రావం, అన్నీ ఒక బిడ్డ కంటే ఇద్దరున్నప్పుడే ఎక్కువ. ముగ్గురో నలుగురో నిలిస్తే కడుపులోనే ఒకరిద్దరిని తగ్గించుకోమనే మాట వస్తుంది. బిడ్డ కోసం ఏళ్లు ఎదురుచూసినవాళ్లను అడగకూడని ప్రశ్న అది.

ఎమిరేట్స్‌లో ఈ ముప్పుకు డబ్బు లెక్క కూడా తోడవుతుంది. దుబాయ్‌లో చిన్న జీతాలవాళ్లకు ఇచ్చే ప్రాథమిక బీమాలో ఏడాదికి లక్షా యాభై వేల దిర్హాములే హద్దు. పుట్టిన బిడ్డకు తల్లి బీమా 30 రోజులు వర్తిస్తుంది, ఆ తర్వాత విడిగా పాలసీ తీసుకోవాలి. ముప్పయ్యో వారంలో పుట్టిన ఇద్దరు పిల్లలు ఆసుపత్రి నుంచి బయటపడడానికి నెల చాలదు. ప్రైవేటు ఉద్యోగంలో ప్రసూతి సెలవు 60 రోజులు, అందులో 45 పూర్తి జీతంతో, 15 సగం జీతంతో. ఒక బిడ్డైనా, ఇద్దరైనా ఈ లెక్క మారదు. అమ్మో అత్తగారో విజిట్ వీసా మీద వచ్చి సాయం చేసేసరికి పిల్లలు ఇంకా ఇంక్యుబేటర్‌లోనే ఉంటారు, సెలవు మాత్రం కరిగిపోతుంది. రెండో ఐవీఎఫ్ ఖర్చు తప్పించుకోవాలని రెండు పెట్టించుకున్నవాళ్లు దాన్ని మించిన బిల్లు కట్టే పరిస్థితి ఇలా వస్తుంది.

గల్ఫ్ తెలుగువాళ్లకు ఇంకో ఒత్తిడి ఉంది. దాని గురించి డాక్టర్లు కూడా తక్కువ మాట్లాడతారు. జగిత్యాల నుంచో, రాయచోటి నుంచో, కోనసీమ నుంచో వెళ్లిన మనిషి అక్కడ ఒంటరిగా ఉంటాడు. భార్య ఊళ్లో ఉంటుంది. ఏడాదికో రెండేళ్లకో ఒక నెల సెలవు. ఆ నెలలోనే ఇంజెక్షన్లు, అండాల సేకరణ, పిండం పెట్టడం అన్నీ అయిపోవాలి. టికెట్ తారీకు తరుముతుంటే ‘రెండు పెట్టండి’ అనడం సహజం. నిజానికి పిండాలు తయారై ఫ్రీజ్ అయ్యాక భర్త ఊళ్లో ఉండాల్సిన వైద్యపరమైన అవసరం లేదు, చట్టం కోరే సమ్మతి పత్రాలు సరిగ్గా ఉంటే చాలు. భారత చట్టం పిండాలను పదేళ్ల దాకా దాచుకోనిస్తుంది. సెలవు అయిపోతోందని తొందరపడనక్కర్లేదని ఆ భార్యాభర్తలకు ముందే చెప్పాల్సిన బాధ్యత క్లినిక్‌ది.

అందరికీ ఒకటే అని మొండిగా అనడమూ తప్పే. వయసు పెరిగేకొద్దీ పిండాల్లో క్రోమోజోముల లోపాలు పెరుగుతాయి. అందుకే అమెరికా సంతాన వైద్య సంఘం 38 నుంచి 40 ఏళ్ల మహిళకు అయిదో రోజు పిండాలు రెండు దాకా, 41, 42 ఏళ్లకు మూడు దాకా ఒప్పుకుంటుంది. జన్యు పరీక్షలో సరైనదని తేలిన పిండమైతే మాత్రం ఏ వయసులోనైనా ఒకటే పెట్టమంటుంది. ఒకటే పెట్టినా అది రెండుగా చీలి కవలలు పుట్టే అవకాశమూ కాస్త ఉంది. ప్రకృతి ఇచ్చే కవలలతో పేచీ లేదు, కోరి తెచ్చుకునే ముప్పుతోనే పేచీ.

మన పత్రికలకూ ఇందులో వాటా ఉంది. 2019 సెప్టెంబరు 5న గుంటూరులో డెబ్బై దాటిన మహిళ ఐవీఎఫ్‌తో కవల ఆడపిల్లలను కంటే రికార్డు అంటూ మొదటి పేజీల్లో వేసుకున్నాం. ఆ వయసు గర్భాశయం ఇద్దరిని మోయడం ఎంత ప్రమాదమో రాసిన వార్తలు తక్కువ. ఆ తర్వాత మన దేశంలో 2021లో వచ్చిన ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి) చట్టం మహిళలకు 50 ఏళ్లను హద్దుగా పెట్టింది. మన నిబంధనల్లో ఒక విచిత్రం కూడా ఉంది. అద్దె గర్భానికి ఒక్క పిండమే పెట్టాలని, ప్రత్యేక పరిస్థితుల్లోనే మూడు దాకా వెళ్లొచ్చని 2022 సరోగసీ నిబంధనలు అంటున్నాయి. ఇంకొకరి కోసం మోసే తల్లికి ఇచ్చిన రక్షణను తన కోసం మోసుకునే తల్లి కూడా అడిగి తీసుకోవాలి.

దంపతుల విజ్ఞతకే వదిలేస్తే ఇది తేలదు. ప్రతి ప్రయత్నానికీ జేబులోంచి కట్టాల్సి వస్తే ఎవరైనా రెండు పెట్టమనే అంటారు. బెల్జియం ఈ సంగతి గ్రహించి 2003లో ఒక బేరం పెట్టింది. ఆరు ఐవీఎఫ్ ప్రయత్నాల ల్యాబ్ ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది, బదులుగా పిండాల సంఖ్యపై పరిమితి ఒప్పుకోవాలి. 36 ఏళ్లలోపు వాళ్లకు మొదటిసారి ఒకటే. ఎమిరేట్స్‌లో బీమా సంస్థలు, ఉద్యోగులకు పాలసీలు కొనే కంపెనీలు ఈ లెక్క వేసుకోవాలి. నెలలు నిండని ఇద్దరు బిడ్డల ఎన్ఐసీయూ బిల్లు కంటే ఫ్రీజ్ చేసిన ఒక పిండం పెట్టే ఖర్చు చాలా తక్కువ.

క్లినిక్‌కు వెళ్లే దంపతులు సక్సెస్ రేటు అడుగుతారు. దాంతో పాటు మరొకటి కూడా అడగాలి: నిరుడు మీ దగ్గర గర్భం దాల్చినవాళ్లలో ఎంతమందికి కవలలు నిలిచారు, వాళ్లలో ఎంతమందికి నెలలు నిండాయి? ఆ అంకె చెప్పడానికి నీళ్లు నమిలే క్లినిక్‌ను నమ్మి రెండు పెట్టించుకోవద్దు.